మొవ్వు నిలిస్తే చెట్టు నిలుస్తుంది: చలి నగరాల్లో తాళజాతి చెట్ల పెంపకం

గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ చీలే చోట యానాం ఉంది. అక్కడ పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల కిందికి దిగదు. సముద్రపు గాలి ఏడాది పొడుగునా తేమను మోసుకొస్తుంది. అందువల్ల యానాంలోనూ, పొరుగునున్న కోనసీమ గ్రామాల్లోనూ కొబ్బరిచెట్టును చలి నుంచి కాపాడవలసిన అవసరం ఎవరికీ కలగదు.

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. భారత్, ఫ్రాన్సుల మధ్య 1956లో కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి భారతంలోని కొన్ని కుటుంబాలు ఫ్రెంచి జాతీయతను ఎంచుకున్నాయి. ఆ తరువాతి కాలంలో చదువు కోసం, ఉద్యోగం కోసం గోదావరి తీరం విడిచి పారిస్, లండన్, టొరంటో వంటి నగరాలకు చేరినవారు ఎందరో. వీరిలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది: ఇంటి ముందు ఒక కొబ్బరిచెట్టు, లేదా కనీసం దాని పోలిక గల చెట్టు కనిపించాలని. ఆ కోరిక ఎంతవరకు తీరుతుందో, ఏ చెట్టుతో తీరుతుందో ముందే తెలుసుకుంటే డబ్బూ శ్రమా వృథా కావు.

చలి చంపేది దేనిని?

కొబ్బరి, తాటి, ఈత, ఖర్జూరం, పోక అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిని తాళజాతి చెట్లు అంటారు. మామిడికీ వేపకూ కొమ్మ విరిగితే మరో కొమ్మ చిగురిస్తుంది. తాళజాతి చెట్టుకు ఆ వెసులుబాటు లేదు. దాని ఎదుగుదల అంతా తలభాగంలో దాగిన ఒకే ఒక మొగ్గ మీద ఆధారపడి ఉంటుంది. ఆ మొగ్గ నుంచి ముడుచుకుని నిటారుగా పైకి వచ్చే లేత ఆకునే రైతులు మొవ్వు అంటారు. పాత ఆకులన్నీ మాడిపోయినా మొవ్వు క్షేమంగా ఉంటే చెట్టు తేరుకుంటుంది. మొవ్వు పోతే, కాండం ఎంత బలంగా ఉన్నా ఒంటికాండపు చెట్టు ఇక బతకదు.

గోదావరి జిల్లాల వారికి ఇది కొత్త సంగతి కాదు. 1996 నవంబరు 6 రాత్రి తీరం దాటిన తుఫాను యానాంనూ కోనసీమనూ అతలాకుతలం చేసింది. అటువంటి గాలివాన తరువాత రైతు ముందుగా చూసేది చెట్టు తలను. మట్టలు విరిగినా మొవ్వు తిరిగిపోని చెట్టు మళ్లీ కాపుకు వస్తుంది. మొవ్వు మెలిపడిన చెట్టు నిలబడే ఎండిపోతుంది. శీతల దేశంలో తుఫాను చేసే పనిని మంచు చేస్తుంది.

అయితే చలి ఒక్కటే శత్రువు కాదు. చలి, తడి కలిసినప్పుడే ప్రమాదం ఎక్కువ. తలభాగంలో నిలిచిన వాననీరు గడ్డకట్టి లేత కణాలను చీలుస్తుంది. మంచు కరిగాక ఆ గాయాల గుండా శిలీంధ్రాలు ప్రవేశించి మొగ్గను కుళ్ళబెడతాయి. నేలలో నీరు నిలిస్తే వేళ్ళు చల్లబడి, తడిలో ఉండి కూడా నీటిని పీల్చలేవు. ఆకులు ఎండినట్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అది చూసి మరింత నీరు పోయడం చాలామంది చేసే పొరపాటు.

ఏ చెట్టు బతకదు, ఏ చెట్టు బతుకుతుంది?

కొబ్బరి శీతల నగరంలో ఆరుబయట బతకదు. 20 డిగ్రీల లోపు దాని ఎదుగుదల మందగిస్తుంది. మంచు పడిన రాత్రులు దానిని చంపుతాయి. దుకాణాల్లో కుండీలో అమ్మే కొబ్బరిమొక్క కాయలో మిగిలిన ఆహారంతో ఏడాదో రెండేళ్లో పచ్చగా ఉంటుంది. ఆ నిల్వ తీరాక, గదిలో తగినంత వెలుతురూ వేడీ అందక క్షీణిస్తుంది. అది పెంచినవారి అశ్రద్ధ కాదు, ఆ చెట్టు స్వభావం. తాటిచెట్టు కుండీకి అసలు పనికిరాదు. సంక్రాంతి రోజుల్లో తినే తేగను గుర్తుచేసుకుంటే కారణం తెలుస్తుంది. తాటి టెంక మొదట పైకి మొలవదు, లోతుగా నేలలోకి దిగుతుంది. ఆ లోతు కుండీలో దొరకదు.

బతికే చెట్లలో ముందు చెప్పుకోవలసినది ట్రాకికార్పస్ ఫార్చునై. దీని స్వస్థలం చైనా. విసనకర్ర వంటి ఆకులతో చిన్న తాటిచెట్టులా కనిపిస్తుంది. కాండం చుట్టూ దట్టమైన పీచు ఉంటుంది. ఆ పీచుతో చైనా రైతులు వానకోట్లు, తాళ్లు చేసుకునేవారు. తాటిలో పోతుచెట్టు, కాయకాసే చెట్టు వేరైనట్లే దీనిలోనూ వేరుగా ఉంటాయి. రాబర్ట్ ఫార్చూన్ అనే వృక్షాన్వేషకుడు 1849లో దీనిని చైనా నుంచి ఇంగ్లండుకు పంపాడు. నేలలో బాగా నాటుకున్న పెద్ద చెట్టు కొద్దిపాటి కాలం మైనస్ 15 డిగ్రీల వరకు ఓర్చుకోగలదు. పారిస్, లండన్ నగరాల్లో గాలి తగలని చోట ఇది ఆరుబయటే పెరుగుతుంది.

మంచును ఎరిగిన తాళజాతి చెట్టు భారతదేశంలోనూ ఉంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో, సుమారు 2,000 మీటర్లకు పైబడిన ఎత్తున, ట్రాకికార్పస్ టకిల్ అనే జాతి సహజంగా పెరుగుతుంది. అక్కడ శీతకాలంలో మంచు కురుస్తుంది.

మధ్యధరా తీరానికి చెందిన కామెరోప్స్ పొట్టిగా, గుబురుగా పెరిగి, మైనస్ 10 డిగ్రీల దరిదాపు వరకు తట్టుకుంటుంది. ఇటలీలోని పాడువా వృక్షోద్యానంలో 1585లో నాటిన కామెరోప్స్ ఇప్పటికీ సజీవంగా ఉంది. దాని కోసం ప్రత్యేకంగా గాజుఇల్లు కట్టారు. ఈతచెట్టుకు దగ్గరి బంధువైన కానరీ ఖర్జూరం నీస్ వంటి దక్షిణ తీర నగరాల్లో వీధుల వెంట కనిపిస్తుంది. మైనస్ 6 డిగ్రీలు దాటితే దానికి హాని మొదలవుతుంది. టొరంటో వంటి కఠిన శీతల నగరాల్లో మాత్రం వీటిలో దేనినైనా కుండీలో పెంచి, శీతకాలంలో లోపలికి చేర్చడమే సరైన మార్గం.

ఇంటి లోపల పెంచుకోవడానికి కెంటియా అనువైనది. తక్కువ వెలుతురును అది ఓర్చుకుంటుంది. దుకాణాల్లో ‘అరెకా’ అనే పేరుతో అమ్మే మొక్క చాలాసార్లు మన పోకచెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చిన వేరొక జాతి. దానికి వక్కలు కాయవు.

నేలలో నాటేవారికి

నాటడానికి మే, జూన్ నెలలు మంచివి. వేసవి అంతా వేళ్ళు పట్టుకుని శీతకాలానికి మొక్క సిద్ధమవుతుంది. శరదృతువులో నాటిన మొక్కకు ఆ వ్యవధి ఉండదు. దక్షిణ దిశకు తెరిచి ఉన్న గోడ పక్క చోటు శ్రేష్ఠం. పగలు ఎండకు వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిని మొక్కకు అందిస్తుంది. జిగట నేల అయితే గులకరాళ్లు, ఇసుక కలిపి నీరు ఇంకిపోయేలా చేయాలి.

చలి ముదిరే ముందు మొదలు చుట్టూ ఎండుటాకులు, చెక్కపొట్టు 15 సెంటీమీటర్ల మందాన పరచాలి. అవి కాండానికి ఆనుకోకూడదు. పచ్చని మట్టలను కత్తిరించకూడదు, అవే మొవ్వుకు కవచం. తీవ్రమైన చలి సూచన వచ్చినప్పుడు మట్టలను మెల్లగా పైకి చేర్చి తాడుతో వదులుగా కట్టి, గాలి ఆడే తోటగుడ్డ చుట్టాలి. ప్లాస్టిక్ కవరు వాడకూడదు. లోపల చెమ్మ పేరుకుని కుళ్ళు పుడుతుంది. చలి సడలిన వెంటనే గుడ్డ విప్పాలి.

కుండీలో పెంచేవారికి

వెర్సాయ్ రాజప్రాసాదంలో 1684-86 మధ్య కట్టిన శీతగృహం ఒక సులభమైన పద్ధతిని నేర్పుతుంది. నారింజ, దానిమ్మ, తాళజాతి చెట్లను చెక్కపెట్టెల్లో పెంచి, వేసవిలో బయట ఉంచి, చలికాలంలో లోపలికి చేరుస్తారు. పారిస్‌లోని లుక్సెంబూర్గ్ ఉద్యానంలోనూ ఇదే ఆచారం. ఇంట్లో కూడా అక్టోబరులో కుండీని లోపలికి తెచ్చి, మే నెలలో బయట పెట్టవచ్చు. శీతల ప్రాంతపు జాతులకు వేడిగది కంటే 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే వెలుతురైన వరండా మేలు. ఆ నెలల్లో పైమట్టి ఆరాకే, కొద్దిగా నీరు పోయాలి.

ఇరుగుపొరుగు క్షేమం కూడా చూడాలి. 50 లీటర్ల కుండీ తడిమట్టితో 50 కిలోలు దాటుతుంది. బాల్కనీ ఎంత బరువు మోయగలదో భవన నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. అగ్నిప్రమాద సమయంలో అందరూ దిగవలసిన ఉమ్మడి మెట్లదారిలో కుండీలు ఉంచకూడదు. వీధి అంచున, ప్రజాస్థలంలో చెట్టు నాటదలచినవారు ముందుగా పురపాలక ఉద్యాన విభాగం అనుమతి పొందాలి.

ఊరి నుంచి మొక్క తేవచ్చా?

2019 డిసెంబరు 14 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి తెచ్చే మొక్కలకు, విత్తనాలకు, దాదాపు అన్ని పండ్లకు వృక్షారోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. తినడానికి తెచ్చుకునే కొబ్బరికాయ, ఖర్జూరం, అరటి, అనాస, డురియన్ పండ్లకు మినహాయింపు ఉంది. నాటడానికి తెచ్చే కొబ్బరి మొలక, ఈత పిలక ఆ మినహాయింపులోకి రావు.

ఈ నియమానికి బలమైన కారణం ఉంది. కొబ్బరి రైతులందరికీ తెలిసిన ఎర్రముక్కు పురుగు పుట్టిల్లు దక్షిణ, ఆగ్నేయ ఆసియా. మొక్కల రవాణాతో అది పశ్చిమాసియా మీదుగా మధ్యధరా తీరానికి చేరింది. ఫ్రాన్సులో 2006లో బయటపడింది. దక్షిణ తీరపు కానరీ ఖర్జూర చెట్లను అది పెద్ద సంఖ్యలో నేలకూల్చింది. సంచిలో మూలన తెచ్చిన ఒక్క మొక్క ఒక వీధి చెట్లన్నింటికీ ముప్పు కాగలదు. తలభాగం గొడుగులా వాలడం, మట్టల మొదళ్లలో రంధ్రాలు, పులిసిన వాసన దీని గుర్తులు. ఇవి కనిపిస్తే చెట్టును సొంతంగా నరికి పారవేయక, పురపాలక సంఘానికి తెలియజేయాలి.

వసంతంలో పరీక్ష

మంచు తగ్గాక మొవ్వును రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడాలి. గట్టిగా ఉంటే భయం లేదు. ఊడి చేతిలోకి వస్తే కుళ్ళు మొదలైందని అర్థం. 20వ శతాబ్ది ఆరంభంలో గోదావరి డెల్టాలోని తాటిచెట్లను పీడించిన మొవ్వు కుళ్ళును ఎడ్విన్ బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించారు. కోనసీమ రైతులు ఆ తెగులుకు పోసే బోర్డో మిశ్రమం ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టినదే. ఊడిన భాగాన్ని తీసి, నిలిచిన నీటిని వంపి, ఇంటి తోటలకు అనుమతి ఉన్న రాగి మందును సీసాపై రాసిన మోతాదులో వాడాలి. ఆ తరువాత తలలోకి వాన పడకుండా కొన్ని వారాలు కప్పాలి.

చెట్టు బతికిందో లేదో తేల్చుకోవడానికి తొందరపడనవసరం లేదు. మొవ్వు మీదా, దాని పక్క మట్ట మీదా ఒకే ఎత్తున సిరాతో అడ్డగీత గీయాలి. వాతావరణం వెచ్చబడిన కొన్ని వారాలకు మొవ్వు మీది గీత పక్క గీతను దాటి పైకి పోతే లోపలి మొగ్గ సజీవంగా ఉన్నట్టే. పైన ఒక్క పచ్చని ఆకు లేకపోయినా, వేసవి ముగిసేవరకు ఆ చెట్టును నరకకుండా ఉంచాలి.