వేదిక మీద స్టువర్టుపురం

ఆంధ్రప్రదేశ్ రాజకీయ సభల్లో అవతలి పార్టీని దొంగలనడానికి వక్తలు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మాట ఒకటుంది: "స్టువర్టుపురం దొంగలు". అన్ని పార్టీల వాళ్లకీ అలవాటైన మాటే. అది నోట్లోంచి రాగానే సభలో నవ్వులు, ఈలలు లేస్తాయి. ఎవరు ఎంత తిన్నారో, ఎలా తిన్నారో లెక్క చెప్పే పని వక్తకు తప్పిపోతుంది. ఊరి పేరు ఒక్కటి వినిపిస్తే చాలు, మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు. వాళ్లు పూరించుకునేది ఆ ఊళ్లో ఉండే ఎరుకల తెగ వాళ్లు పుట్టుకతోనే దొంగలన్న పాత నమ్మకం.

ఆ ఊరు బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కన ఉంది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఎరుకల వాళ్లు పూర్వం తీరం నుంచి ఉప్పు, మెట్ట నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. బుట్టలు అల్లేవారు, పందులు పెంచేవారు, ఆడవాళ్లు ఎరుక చెప్పేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, తిరుగుడు వ్యాపారం కూలిపోయింది. బతుకుతెరువు పోయిన సంచార జనాన్ని వలస పాలకులు అనుమానంగా చూశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఈ చట్టం కింద ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడని రుజువు చేయనక్కర లేదు. ఆ కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరుకు ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, వేళకు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి.

1913 ప్రాంతంలో ప్రభుత్వం ఇచ్చిన భూమిలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఇక్కడ ఒక సెటిల్‌మెంటు పెట్టింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. వేర్వేరు చోట్ల నుంచి ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ కాపలాలో ఉంచారు. పొలం పనికి, తర్వాత చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి ఈ కుటుంబాలే కూలీలయ్యాయి. అంటే ఈ ఊరికి దొంగలు వచ్చి చేరలేదు. దొంగలని ముద్ర వేసిన మనుషులను ప్రభుత్వమే తెచ్చి ఒకచోట కూర్చోబెట్టింది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. దాని జాడ మాత్రం పోలీసుల అలవాటులో, జనం మాటలో మిగిలిపోయింది. స్టువర్టుపురంలో నేరాలు చేసినవాళ్లు లేరని ఎవరూ అనరు. కొందరు పేరుమోసిన నేరస్థులు అక్కడి నుంచి వచ్చారు. అయితే ఎక్కడ ఏ ఇల్లు దోచినా ఆ ఊరి మగవాళ్లను స్టేషనుకు తీసుకెళ్లి కూర్చోబెట్టిన ఏళ్లు కూడా ఆ చరిత్రలోవే. 1970లలో నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, కవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలతా లవణం అక్కడ ఏళ్ల తరబడి సంస్కరణ కార్యక్రమం నడిపారు. ఎన్నో కుటుంబాలు చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లాయి. వేదిక మీద వినిపించే స్టువర్టుపురంలో వీళ్ల ఊసే ఉండదు.

ఆ మాట పడ్డాక ఏమవుతుందన్నది గమనించాల్సిన విషయం. ఎదుటి పార్టీ వాళ్లు వెంటనే విలేకరుల సమావేశం పెడతారు. తమను దొంగలన్నారని మండిపడతారు, అసలు దొంగలు మీరేనంటారు. ఒక్కోసారి అదే ఊరి పేరు తిప్పి విసురుతారు. ఆ ఊరి మనుషుల మాట ఇరువైపులా ఎవరూ ఎత్తరు. ఎత్తకపోగా, "మమ్మల్ని స్టువర్టుపురం వాళ్లతో పోలుస్తారా" అని కోప్పడటంతో ఆ ఊరికి రెండో అవమానం జరుగుతుంది. ఎరుకల సంఘాలు వినతిపత్రాలు ఇస్తాయి, ప్రకటనలు చేస్తాయి. అవి జిల్లా పేజీలో నాలుగు లైన్లకు మించవు. ఎరుకల జనం రాష్ట్రమంతటా చెల్లాచెదురుగా ఉన్నారు. ఏ నియోజకవర్గంలోనూ గెలుపోటములు తేల్చేటంత సంఖ్యలో లేరు. కోపం వాళ్లకూ ఉంది, దానికి భయపడాల్సిన అవసరం మాత్రం ఏ పార్టీకీ లేదు.

వాళ్ల నిరసన గట్టిగా వినిపించింది సినిమా విషయంలో. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" టీజరులో స్టువర్టుపురాన్ని దక్షిణ భారతదేశపు నేర రాజధానిగా చూపడం మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ పడింది. కోర్టు దాన్ని తప్పుబట్టి నిర్మాతకు నోటీసు ఇచ్చింది. సినిమాకు ఒక నిర్మాత ఉంటాడు, సెన్సారు ఉంటుంది, విడుదల తేదీ ఉంటుంది, పట్టుకోవడానికి ఏదో ఒక కొస దొరుకుతుంది. సభలో విసిరిన మాటకు అలాంటి కొస ఏదీ దొరకదు.

ఇదే నేల మీద దళితుల సంగతి వేరుగా ఉంది. 2016 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఒక విలేకరుల సమావేశంలో, ఎస్సీల్లో పుట్టాలని ఎవరు కోరుకుంటారన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. దళిత సంఘాలు రోడ్డెక్కాయి, క్షమాపణ కోరాయి. మాటను వక్రీకరించారని తెలుగుదేశం చెప్పింది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆ మాటను వదలకుండా 2019 ఎన్నికల దాకా మోసుకెళ్లింది. ఆ కోపానికి సమయం కూడా కారణమే. గుంటూరు యువకుడు రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

అంతకంటే పాత కారణం మరొకటి ఉంది. 1985 జులై 17న కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కారంచేడు బాధితులు చీరాలకు తరలివచ్చారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వారి నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. ఈ ప్రాంతంలో కులం పేరెత్తి చేసే హాస్యం వెనక ఆ శవాలున్నాయన్న సంగతి ఇక్కడి దళితులకు తెలుసు. మాట పడిన సాయంత్రానికే అంబేడ్కర్ విగ్రహం దగ్గర జనం చేరతారు. చేరేందుకు సంఘం ఉంది, చేరాలన్న అలవాటు ఉంది. కారంచేడు, చుండూరు, స్టువర్టుపురం మూడూ ఇప్పుడు ఒకే బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

ప్రాంతాల మధ్య ఎగతాళికి ఇంత లోతు లేదు. తెలంగాణ ఉద్యమకాలంలో ఆంధ్ర బిర్యానీని పేడతో పోల్చిన కేసీఆర్, 2015 అక్టోబరు 22న అమరావతి శంకుస్థాపనకు గుంటూరు జిల్లా ఉద్దండరాయునిపాలెం వచ్చినప్పుడు సభికులు కేకలతో, చప్పట్లతో స్వాగతం పలికారు. 2022 ఏప్రిల్‌లో పొరుగు రాష్ట్రంలో కరెంటు లేదు, రోడ్లు బాగాలేవని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ చేసిన వ్యాఖ్యకు ఆంధ్ర మంత్రులు బదులిచ్చారు, కేటీఆర్ అదే రాత్రి సర్దిచెప్పుకున్నారు. అటు ఇటు సమానంగా నోరున్నవాళ్లు, సమానంగా ఓట్లున్నవాళ్లు. ఒకరినొకరు ఆడిపోసుకున్నా బతుకు మీదికి రాదు.

కేసుల విషయంలోనూ బలాబలాలే పనిచేస్తాయి. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చలో అమరావతి మహిళలను కించపరిచే మాట వచ్చినప్పుడు రాజధాని గ్రామాల మహిళలు వెంటనే నిరసనకు దిగారు. తుళ్లూరు పోలీసులు కొద్దిరోజుల్లోనే చర్చ నడిపిన సీనియర్ జర్నలిస్టును కూడా అరెస్టు చేశారు. అతిథి మాటకు నవ్వినంత మాత్రాన అరెస్టు చేస్తారా అని సుప్రీంకోర్టు ప్రశ్నించి జూన్ 13న ఆయన విడుదలకు ఆదేశించింది. అరెస్టు దాకా వెళ్లడం తగదన్న ఆ అభిప్రాయం సరైనదే. అయితే అంత వేగం ఎరుకల సంఘం ఫిర్యాదుకు ఏనాడూ దక్కలేదు.

ఇలాంటి మాటలకు పదవి పోయిన సందర్భాలు ఇతర చోట్ల ఉన్నాయి. అమెరికా వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ నల్లజాతి వారిపై చేసిన నీచమైన జోకు బయటపడి 1976 అక్టోబరులో రాజీనామా చేశారు. మన దేశంలో కాంగ్రెస్ నేత శ్యాం పిట్రోడా 2024 మే నెలలో దక్షిణాది వాళ్లు ఆఫ్రికన్లలా ఉంటారని అని, పార్టీ పదవికి రాజీనామా ఇచ్చారు. ఎన్నికలు ముగిశాక జూన్‌లోనే ఆ పదవి తిరిగి ఆయనకు దక్కింది.

ఎరుకల వాళ్లు షెడ్యూల్డు తెగ కాబట్టి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలకు చెందిన వ్యక్తిని నలుగురి ముందు ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే నేరమని సెక్షన్ 3 చెబుతుంది. చిక్కు ఎక్కడంటే, వేదిక మీది వక్త ఎరుకల మనిషిని ఎవరినీ తిట్టడు. తనలాంటి పెద్ద కులపు ప్రత్యర్థినే తిడతాడు, ఊరి పేరు తిట్టుగా వాడుకుంటాడు. చట్టం అడిగే బాధితుడు అక్కడ కనబడడు. కనుక ఇది కేసులతో తేలేది కాదు, పార్టీలు తమ వక్తలకు చెప్పుకోవాల్సిన విషయం. దానికి దారి లేకపోలేదు. వికలాంగులను కించపరిచే మాటలు ప్రసంగాల్లో వాడవద్దని ఎన్నికల సంఘం 2023 డిసెంబరులో పార్టీలన్నిటికీ సూచనలిచ్చింది. నేరస్థ జాతులన్న ముద్ర తొలగిన తెగల పేర్లను, వాళ్ల ఊళ్ల పేర్లను అదే సూచనల్లో చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.