బడే మాలిక్

మా ఆలూరు నుంచి ఒక దారి ఆదోనికి, ఇంకొకటి బళ్లారికి పోతుంది. ఆదోని దాటితే తుంగభద్ర, బళ్లారి దాటితే హంపి. కృష్ణదేవరాయల కథ వింటూ పెరిగిన ఊళ్లివి. ఆ రాయల కాలంలోనే గోల్కొండలో ఒక తురుష్కుడు ఓపిగ్గా రాజ్యం కట్టుకున్నాడు. పేరు సుల్తాన్ కులీ. అతని గురించి మన వైపు మాట్లాడుకునేది చాలా తక్కువ.

పుట్టింది ఇరాన్‌లోని హమదాన్ దగ్గర, నల్ల గొర్రెల తెగ అని పేరున్న తుర్క్‌మెన్ రాచకుటుంబంలో. తెల్ల గొర్రెల తెగవాళ్లు ఆ రాజ్యాన్ని కూలదోశాక, బతికుంటే చాలని దక్కనుకు వచ్చాడు. బీదరు కోటలో తిరుగుబాటుదార్లు బహమనీ సుల్తాను మహమూద్ షా మీద పడిన రాత్రి, ప్రాణాలకు తెగించి ఆయన్ని కాపాడిన కొద్దిమందిలో ఇతనొకడు. ఆ నమ్మకమే కుతుబ్-ఉల్-ముల్క్ బిరుదునూ, తెలంగాణ సీమ పాలననూ తెచ్చిపెట్టింది.

చుట్టూ ఎవరు? పడమట బీజాపూరు ఆదిల్ షాలు, బీదరులో బరీదులు, తూర్పున గజపతులు, దక్షిణాన రాయలు. బహమనీ రాజ్యం ముక్కలవుతుంటే తోటి సర్దార్లు ఎవరికి వాళ్లు స్వతంత్రులయ్యారు. ఇతను మాత్రం తొందరపడలేదు. గోల్కొండ బాలాహిస్సార్ దర్వాజా దగ్గర 1518లో కట్టించిన జామా మసీదు శాసనంలో ఏలిక పేరు మహమూద్ షాదే. అప్పటికి ఆ షా చేతిలో అధికారమన్నది మిగల్లేదు. అయినా పాత ప్రభువు పేరు రాతిమీద చెక్కించాడు. నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగింది అక్కడే.

మెతకవాడని కాదు. కాకతీయుల నాటి మట్టికోటను రాతికోటగా మార్చాడు, వరంగల్, ఖమ్మం సీమలేలిన షితాబ్ ఖాన్‌ను ఓడించాడు. 1534లో కోయిలకొండను బీజాపూరు సేన ముట్టడించినప్పుడు, ముసలితనంలో గుర్రమెక్కి పోరాడి ముఖం మీద కత్తివేటు తిన్నాడు. ఆ ముట్టడిలోనే ఇస్మాయిల్ ఆదిల్ షా జబ్బుపడి చనిపోయాడు. ఒక్కొక్కరే ప్రత్యర్థులు రాలిపోయారు, ముసలాయన నిలిచాడు.

చివరకు చావు ఇంట్లోంచి వచ్చింది. 1543లో నమాజులో ఉండగా కొడుకు జంషీద్ చంపించాడు. పెద్దన్న కళ్లు పీకించాడు. తమ్ముడు ఇబ్రహీం ముందు బీదరుకు, అక్కడా నిలవలేక విజయనగరానికి పరుగెత్తాడు. తండ్రి ఎవరిని శత్రువులనుకున్నాడో వాళ్ల గడపే కొడుక్కి దిక్కయింది. అళియ రామరాయల నీడలో ఏడేళ్లున్నాడు, తెలుగు రుచి మరిగాడు. 1550లో గద్దెనెక్కాక అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఈయనకే. తెలుగు కవుల నోట ఇబ్రహీం మల్కిభరాముడయ్యాడు.

అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి రామరాయల మీదికి దండెత్తాడు. హంపి పాడుబడింది. కొన్నేళ్లకు మా ఆదోని కోట బీజాపూరు వశమైంది.

గోల్కొండ పక్కన, ఆ తండ్రి నల్లరాతి సమాధి మీద షా అన్న మాట లేదు. జనం పిలిచిన పేరే ఉంది: బడే మాలిక్, పెద్దదొర.