ఎండను దాచుట

అరణ్యవాసకాలమున ధర్మరాజు సూర్యు నుపాసించి అక్షయపాత్రమును బడసిన కథ మీరందఱు నెఱిగినదే. ద్రౌపది భుజించువఱకు ఆ పాత్రలో అన్నము తఱుగదు. ఆమె భుజించిన పిమ్మట మఱునాటివఱకు మెతుకైనను బుట్టదు. సరిగా ఆ వేళకే దూర్వాసుడు శిష్యులతో విచ్చేసి ఆ యిల్లాలిని కలవరపెట్టెను. సూర్యు డిచ్చు వరమునకు వేళ కలదనుట యీ కథవలన మాకు దోచిన విశేషము. ఎండతో వంట చేయ జూచిన శాస్త్రజ్ఞులకును తుదకు తగిలిన చిక్కు ఇదియే.

గాజుపలకగుండ లోనికి వచ్చిన యెండ నల్లని వస్తువుపై బడి వేడిగా మాఱును. ఆ వేడి గాజును దాటి సులభముగా వెలుపలికి బోజాలదు. 1767లో జెనీవా నగరవాసియగు సొస్యూరు ఈ సూత్రముతో గాజుమూతల పెట్టెను చేసి, నీరు మరుగు వేడిని మించిన వేడిని అందు బుట్టించెను. 1830 దశకమున జాన్ హెర్షెలు దక్షిణాఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రమున నక్షత్రములను పరిశీలించుచు, అట్టి పెట్టెలో గ్రుడ్లను, మాంసమును వండెను. మన దేశముననే, బొంబాయిలో విలియం ఆడమ్సు అను ఆంగ్లేయుడు అద్దములను కూర్చి, జనవరి మాసమున రెండు గంటలలో ఏడుగురు సైనికులకు సరిపడు వంట చేయించి, ఆ వృత్తాంతమును 1878లో గ్రంథముగా బ్రకటించెను.

వీరందఱు ఎండను పట్టిరి. దాచు నుపాయమును మాత్రము కనుగొనలేదు. ఆ పనికి బూనినవారిలో నొక స్త్రీ యగ్రగణ్య. ఆమె పేరు మరియా టెల్కెస్. 1900లో బుడాపెస్టు నగరమున జన్మించి, శాస్త్రమున డాక్టరు పట్టము బొంది, అమెరికాకు బోయి, 1939లో మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయమున సౌరశక్తి పరిశోధనలో జేరెను. యుద్ధకాలమున, నడిసముద్రమున చిక్కినవారు ఎండతో ఉప్పునీటిని మంచినీరుగా చేసికొను పరికరమును ఆమె నిర్మించెను.

1948లో డోవరు గ్రామమున ఎండవేడితోనే శీతకాలము గడపదగిన యిల్లు వెలసెను. శాస్త్రము టెల్కెస్‌ది, గృహనిర్మాణ రచన ఎలినార్ రేమాండుది, ధనము అమీలియా పీబాడీది, మువ్వురును స్త్రీలే. పగటియెండకు వేడెక్కిన గాలి, గ్లాబరు లవణము నింపిన పీపాలను కాచును. ఆ లవణము సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగును. కరగునపుడు మ్రింగిన వేడిని రాత్రి గడ్డకట్టునపుడు తిరిగి యిచ్చును. తొలి రెండు శీతకాలములు సుఖముగా గడచెను. పిమ్మట లవణము పొరలుపొరలుగా విడిపోయి, పీపాలు తుప్పుపట్టి, మూడవ శీతకాలమున ఆ యేర్పాటు విఫలమయ్యెను. ఆమె మాత్రము వెనుదీయక 1953లో ఫోర్డు సంస్థ యిచ్చిన ద్రవ్యముతో పేదలకొఱకు సౌరపుపొయ్యిని సిద్ధపఱచెను.

ఆ దశకముననే ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర పరిశోధనాలయము సౌరపుపొయ్యిని నిర్మించినది గాని, కొన్నవారు స్వల్పము. స్త్రీలు పాతపద్ధతులను విడువరని పలువురు నిందింతురు. ఆ నింద న్యాయము కాదని మా యభిప్రాయము. మేమును ఒక పెట్టె చేయించి డాబాపై నుంచితిమి. ఉదయము పది గంటలకు పెట్టిన కందిపప్పు ఒంటిగంటకు మెత్తగా నుడికినది. కాని మా యింటివారు తొమ్మిదింటికే భోజనము చేసి బడికి బోవలెను. పిల్లలకు రాత్రి వేడియన్నము గావలెను. ఇందు మొండితన మెవరిది? సూర్యుని వేళయొకటి, సంసారపు వేళ వేఱొకటి.

1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనువారు ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చు సిలికాన్ పలకను చూపిరి. అది తనపై బడిన శక్తిలో నూటికి ఆరువంతులను మాత్రము మార్చెడిది. అట్టి పలకలే అభివృద్ధి చెంది, 2017 నాటికి మన కర్నూలు సీమలో 1000 మెగావాట్ల క్షేత్రముగా బరచుకొన్నవి. అయినను మనము దీపములు వెలిగించు వేళకు ఆ పలకలు నిద్రించును. కావున ఆ సీమలోనే పిన్నాపురము చెంత, పగలు నీటిని మీది జలాశయమునకు దోడి రాత్రి క్రిందికి విడిచి విద్యుత్తు బుట్టించు నిర్మాణమునకు బూనిరి. పగలు మేడపై తొట్టి నింపుకొని రాత్రి కుళాయి విప్పుటవంటిదే యిది.

వేసవిలో వడియములు, ఒరుగులు ఎండబెట్టి శ్రావణమునకు దాచుకొను మనకు ఈ విద్య క్రొత్త గాదు. సెలవుదినములందు పప్పు, దుంపలు మధ్యాహ్నపు టెండకు వదలినచో ఆ మేరకు పొగయు, ఖర్చును తగ్గును. మా పెట్టె ఆదివారములందు నేటికిని పనిచేయుచున్నది. తక్కిన దినములకు మాత్రము, పొయ్యిని చేయువారు ముందుగా ఇల్లాలిని వేళ యడిగి, పిమ్మట అద్దములు బిగింపవలెనని మా విన్నపము.