ఉచితముగా వచ్చిన విండోస్ 10 – హక్కు శాశ్వతమా?

గ్రామ పంచాయతీ కార్యాలయములందు నేడు కంప్యూటరు లేనిదే పని సాగుట కష్టము. ఇంటి పన్ను లెక్కలు, జనన మరణ ధ్రువపత్రములు, 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్‌లో నమోదు చేయవలసిన నిధుల వివరములు – ఇవన్నియు దాని మీదనే ఆధారపడి యున్నవి. కంప్యూటరును నడిపించు మూల వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్ అట్టి వాటిలో నొకటి.

విండోస్ 10 అను రకము 2015 జూలై 29న వెలువడినది. అప్పటికి సక్రమమైన లైసెన్సుతో విండోస్ 7 గాని 8.1 గాని నడచుచున్న కంప్యూటర్లను ఒక సంవత్సరము లోపల, అనగా 2016 జూలై 29 నాటికి, ఉచితముగా క్రొత్త రకమునకు మార్చుకొనుటకు కంపెనీ అవకాశ మిచ్చినది. అట్లు మార్చుకొనిన పాత కంప్యూటరు మీ కార్యాలయమున నున్నదనుకొందము. "ఉచిత గడువు తీరినది, లైసెన్సు మరల కొనవలెను" అని యెవరైన చెప్పినచో పంచాయతీ సొమ్ము వెచ్చించవలెనా?

అక్కరలేదు. ఆ గడువు మార్చుకొనుటకే గాని, మార్చుకొనిన పిదప కలిగిన హక్కునకు గాదు. ఆ హక్కునకు ఏటేట రుసుము లేదు.

అయితే ఈ హక్కు మనిషికి గాక యంత్రమునకు చెందినది. దీనిని డిజిటల్ లైసెన్సు అందురు. మార్పు జరిగిన నాడే ఆ యంత్రపు గుర్తులు కంపెనీ వద్ద నమోదైనవి. కావున అదే యంత్రములో అదే రకమును, హోమ్ అయిన హోమ్, ప్రో అయిన ప్రో, మరల నెక్కించినచో ఇంటర్నెట్ కలిసినంతనే హక్కు గుర్తింపబడును. ఒక సర్వే నెంబరు పట్టాను వేరొక పొలమునకు చూప వీలులేనట్లే, ఈ లైసెన్సును క్రొత్త కంప్యూటరునకు తరలించుటకు వీలులేదు. ముఖ్య భాగమైన మదర్‌బోర్డును మార్చినచో అది వేరు యంత్రముగా లెక్కకు వచ్చి హక్కు నిలువకపోవచ్చును. మరియు, మొదట దొంగ ప్రతితో నడచిన కంప్యూటరునకు మార్పు వలన సక్రమమైన హక్కు రాలేదు.

ఇక రెండవ విషయము మరింత ముఖ్యమైనది. హక్కు వేరు, రక్షణ వేరు. ఇంటికి పట్టా యున్నంత మాత్రమున కప్పు కురియకుండునా? విండోస్ 10కు కంపెనీ ఉచితముగా పంపుచుండిన రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. కంప్యూటరు నడచును, కాని క్రొత్తగా బయటపడు లోపములు పూడ్చబడవు. ప్రజల పన్ను లెక్కలున్న యంత్రమునకు ఇది చిన్న ప్రమాదము గాదు. సంస్థలు ఈ మరమ్మతులను పొడిగించుకొనవలెనన్న, యంత్రమొక్కింటికి మొదటి యేడు 61 డాలర్లు, పిదప ఏటేట రెట్టింపు చొప్పున, మూడేండ్లకు మించకుండ చెల్లించుటకు కంపెనీ ఏర్పాటు చేసినది.

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11ను విండోస్ 10 నుండి ఉచితముగా పొందవచ్చును. కాని దానికి 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అను రక్షణ భాగము, కంపెనీ జాబితాలోని ప్రాసెసరు ఉండవలెను. 2015 నాటి యంత్రములు ఇందుకు తగవు. సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ రుసుము లేనిది. అయితే కార్యాలయపు పనులు, డిజిటల్ సంతకము దానిపై సాగునో లేదో ముందుగా పరీక్షించుకొనవలెను.

కావున సభ్యులు చేయదగినవి ఇవి:

1. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో యాక్టివేషన్ అను చోట లైసెన్సు ఉన్నదో లేదో కార్యదర్శిచే చూపించుకొనుడు.
2. కంప్యూటరు కొన్న తేదీ, విండోస్ రకము, లైసెన్సు వివరము స్టాకు రిజిస్టరులో వ్రాయించుడు. బిల్లును భద్రపరచుడు.
3. మదర్‌బోర్డు మార్చవలెనని మరమ్మతుదారు చెప్పినచో, లైసెన్సు ఏమగునో ముందే అడుగుడు.
4. ముఖ్యమైన లెక్కలకు వేరొక డిస్కులో నకలు ఉంచుడు.

ఉన్న హక్కునకు మరల సొమ్ము చెల్లించుట వృథా. లేని రక్షణ ఉన్నదని నమ్ముట ప్రమాదము. ఈ భేదమును గ్రహించి, తరువాతి సమావేశమున తగిన తీర్మానము చేయుట ప్రజాధనమునకు ధర్మకర్తలైన మీ విధి.