గట్టి కలప నిలువు కోతకు పట్టీరంపం: మోటారు శక్తి ఎంపిక

గట్ల వెంట టేకు, నల్లతుమ్మ వంటి చెట్లను పెంచే రైతుకు చివరి ఆదాయం చాలావరకు దుంగ పలకగా మారే దశలో నిర్ణయమవుతుంది. ఏళ్ళ తరబడి పెరిగిన చేవకలప తగని కోత వల్ల కొద్ది నిమిషాలలో పొట్టుగా మారవచ్చు. కావున బ్యాండ్ సా అని వ్యవహరించే పట్టీరంపాన్ని కొనదలచిన రైతు సంఘాలు, పనిముట్లు తయారుచేసే వడ్రంగులు మోటారు శక్తిపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

పట్టీరంపపు ముఖ్య ప్రయోజనం సన్నని కోత. 200 మి.మీ. మందం గల దూలం నుండి 25 మి.మీ. పలకలు తీయవలసి ఉన్నదనుకొనిన, 5 మి.మీ. కోత వెడల్పు గల గుండ్రటి రంపంతో 6 పలకలు మాత్రమే లభిస్తాయి. 2 మి.మీ. కోత వెడల్పు గల పట్టీరంపంతో 7 పలకలు లభిస్తాయి.

అయితే రంపం నిటారుగా సాగినప్పుడే ఈ లాభం దక్కుతుంది. శక్తి చాలని మోటారు లోతైన కోతలో వేగాన్ని కోల్పోతుంది. అప్పుడు దుంగను బలవంతంగా నెట్టినచో పట్టీ పక్కకు వంగి, పలక అలలు తిరుగుతుంది. ఆ వంకరను చిత్రిక పట్టి సరిచేయుటకై ప్రతి పలకను 3 మి.మీ. అదనపు మందంతో కోయవలసి వస్తే, అదే దూలం నుండి మరల 6 పలకలే వస్తాయి.

చక్రాల పరిమాణాన్ని మాత్రమే చూసి యంత్రాన్ని ఎంచుకోవడం సరికాదు. శక్తి అవసరం ప్రధానంగా కోత ఎత్తు, కలప గట్టిదనం, దుంగను నెట్టే వేగంపై ఆధారపడుతుంది. నెట్టే వేగం మారకుండా కోత ఎత్తు 100 నుండి 200 మి.మీ.కు పెరిగితే, తొలగించవలసిన కలప రెట్టింపవుతుంది. స్థూలంగా, 150 మి.మీ. లోపు ఎత్తుతో అప్పుడప్పుడు చేసే కోతలకు 1.5 నుండి 2 హెచ్.పి., 200 నుండి 300 మి.మీ. కోతలకు కనీసం 3 హెచ్.పి., రోజంతా సాగే పనికి 5 హెచ్.పి. లేదా అంతకు మించిన మోటారు అనుకూలం.

మోటారుపై గల రేకులో కిలోవాట్ల విలువను పరిశీలించాలి, 3 హెచ్.పి. సుమారు 2.2 కిలోవాట్లకు సమానం. క్షణకాలపు గరిష్ఠ శక్తిని గాక, నిరంతరంగా ఇవ్వగల శక్తినే లెక్కలోకి తీసుకోవాలి. 3 హెచ్.పి., ఆపై మోటార్లకు త్రీ ఫేజ్ సరఫరా మేలు. పంపుసెట్టుకై పొందిన వ్యవసాయ కనెక్షన్‌ను ఇందుకు వాడరాదు. అటవీశాఖ లైసెన్సు నిబంధనలను ముందుగానే తెలుసుకోవాలి.

లోతైన కోతకు అంగుళానికి 2 లేదా 3 పళ్ళు గల వెడల్పాటి పట్టీ తగినది. పళ్ళ మధ్య ఖాళీ ఎక్కువగా ఉన్నప్పుడే పొట్టు సులభంగా బయటకు పోతుంది. టేకులోని సిలికా పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. మొద్దుబారిన పట్టీతో ఎంత శక్తిగల మోటారైనా సరైన కోత ఇవ్వలేదు.

కొనుగోలుకు ముందు తమ వద్దనున్న గట్టి కలపలో అత్యధిక ఎత్తుగల దుంగ నుండి ఒక పలకను కోయించి, దాని మందాన్ని రెండు అంచుల వెంబడి పలుచోట్ల కొలిచి చూడాలి. కొలతలు సమానంగా ఉండి, కోత మధ్యలో మోటారు వేగం తగ్గకుండా ఉంటే ఆ యంత్రం ఆ పనికి తగినదని భావించవచ్చు.