శునకాలకు క్యాన్సర్‌.. మాత్రలతో ఉపశమనం

దుత్తలూరు: మెట్ట ప్రాంతంలో ఇంటికి, గొర్రెల మందకు కాపలా కాసే శునకాలకూ క్యాన్సర్‌ వస్తుంది. పెరుగుతున్న గడ్డ, మానని పుండు, కారణం లేకుండా చిక్కిపోవడం, మూత్రంలో రక్తం దీని లక్షణాలు. గడ్డలోని కణాలను సూదితో తీసి పరీక్షిస్తే చాలా సందర్భాల్లో వ్యాధి రకం తెలుస్తుంది. స్థానిక పశువైద్యుని సలహాతో 1955లో ఏర్పడిన తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లవచ్చు.

ఏ వ్యాధికి ఏ మందు?
శస్త్రచికిత్సకు వీలులేనప్పుడు మాత్రలు ఉపకరిస్తాయి. లింఫోమాలో ప్రెడ్నిసొలోన్‌ గడ్డలను తగ్గిస్తుంది. అయితే దీనితో మాత్రమే లభించే ఉపశమనం సాధారణంగా ఒకటి, రెండు నెలలే. మూత్రాశయ క్యాన్సర్‌కు పైరాక్సికామ్‌ వాడతారు. మాస్ట్‌ కణాల గడ్డలకు టొసెరానిబ్‌ మాత్రను అమెరికా 2009లో ఆమోదించింది. కలయిక ద్వారా వీధికుక్కలకు సోకే జననాంగ గడ్డకు మాత్రం వారానికోసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్‌ ఇంజెక్షనే ప్రధాన చికిత్స. ఇది చాలావరకు పూర్తిగా నయమవుతుంది.

ఇవి చేయరాదు
* ప్రెడ్నిసొలోన్‌, పైరాక్సికామ్‌ కలిపి ఇస్తే జీర్ణాశయంలో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు.
* ప్రెడ్నిసొలోన్‌ను హఠాత్తుగా ఆపరాదు.
* మనుషులు వాడే ఐబుప్రొఫెన్‌, పారాసిటమాల్‌ మాత్రలను సొంతంగా వేయరాదు. ప్రాణాపాయం కలగవచ్చు.
* క్యాన్సర్‌ మాత్రలను పొడి చేయరాదు. చేతితొడుగులు ధరించి ఇవ్వాలి. గర్భిణులు తాకరాదు.

ఇంట్లో సంరక్షణ
ఉల్లిపాయ, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తని అన్నం గోరువెచ్చగా కొద్దికొద్దిగా పెట్టాలి. ప్రెడ్నిసొలోన్‌తో దాహం పెరుగుతుంది కనుక నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉంచాలి. వాంతులు, నల్లని విరేచనాలు కనిపించినా, రోజంతా తినకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.