వికలాంగ విద్యార్థులు - విశ్వవిద్యాలయ సదుపాయములు

చూపు లేని పిల్లవాడు పై చదువులకు పోదునన్నచో, "ఇంటిపట్టున ఉండుము, పింఛను వచ్చుచున్నది గదా" యని పెద్దలు నచ్చజెప్పుట మన యూళ్ళలో వినబడు మాటయే. పంచాయతీ సభ్యులు ఈ మాటను సాగనీయరాదు.

మచిలీపట్నము సమీపమున సీతారామపురములో వ్యవసాయ కుటుంబమున పుట్టిన శ్రీ బొల్లా శ్రీకాంత్ పుట్టంధుడు. పదవ తరగతి పిమ్మట అంధులు సైన్సు చదువుటకు నిబంధనలు ఒప్పవనగా, ఆయన న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొందెను. ఉపాధ్యాయులొకరు పాఠ్యపుస్తకములను చదివి ధ్వనిరూపమున నమర్చిరి. అవి విని చదివి ఆయన 98 శాతము మార్కులు సాధించెను. అటుపిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టము పొంది, హైదరాబాదులో పరిశ్రమ నెలకొల్పెను. ఆయనకు చూపు రాలేదు. పుస్తకము రూపము మాత్రము మారినది.

ఇట్టి మార్పునే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సముచిత సదుపాయముగా పేర్కొనినది. 2017 ఏప్రిల్ 19 నుండి ఇది అమలులో నున్నది. వైకల్యము 40 శాతమునకు తగ్గనివారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో కనీసము 5 శాతము సీట్లు, గరిష్ఠ వయస్సులో ఐదేండ్ల సడలింపు కలవు. అయితే సీటు దొరికినంతనే చదువు సాగదు. చక్రాల కుర్చీలో వచ్చు విద్యార్థికి మేడమీది తరగతిని క్రిందికి మార్చవలెను. చెవిటివారికి సంజ్ఞాభాషలో చెప్పువారు కావలెను. వ్రాయలేనివారికి పరీక్షలో వ్రాతసహాయకుడుండవలెను. కేంద్ర ప్రభుత్వము వెలువరించిన సూత్రముల ననుసరించి గంటకు 20 నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాల మీయవలెను. మూడు గంటల పరీక్షకు ఇది ఒక గంట! చేతివ్రాత కష్టమైనవారికి వైకల్యము 40 శాతమునకు తక్కువైనను వ్రాతసహాయకుని నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది.

సంస్థపై మోయరాని భారము పడునట్టి కోరికలు ఇందు చేరవు. తగిన సదుపాయమును నిరాకరించుట మాత్రము చట్టరీత్యా వివక్షయే.

సభ్యులు చేయదగిన పని పెద్దది కాదు. సదరం పేరుతో పల్లెలకు పరిచయమైన వైకల్య ధ్రువపత్రమును, ఇంటర్మీడియట్ ముగియకమునుపే ఇప్పించవలెను. ప్రవేశముల వేళ పరుగులెత్తిన అది సకాలమున చేతికి రాకపోవచ్చును. కళాశాలలో చేరిన దినముననే, తన కేది అడ్డము, ఏది కావలెనను విషయమును విద్యార్థిచే స్పష్టముగా వ్రాయించి దరఖాస్తు నిప్పించవలెను. నోటిమాట నిలువదు. ప్రభుత్వ సంస్థలలో ఫిర్యాదులు స్వీకరించు అధికారి యుండవలెనని చట్టము విధించినది. అచ్చట పని జరగనిచో రాష్ట్ర వికలాంగుల కమీషనరుకు వ్రాయవచ్చును. అప్పుడు మొదటి దరఖాస్తు నకలు, అది అందినట్లు తీసికొనిన రసీదు అక్కరకు వచ్చును.